కనిపించని చెమట

విజయవాడ వైపు నుంచి మే నెలలో కర్నూలుకు వచ్చిన చుట్టాలు మొదటిరోజు ఒక మాటంటుంటారు: "మీ ఊళ్లో ఎండ ఎక్కువే గానీ చెమట పట్టదు, అదే నయం." చెమట పట్టకపోవడం కాదది. పట్టింది పట్టినట్టే ఆరిపోతోంది. కోస్తా గాలిలో తేమ ఎక్కువ. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, మనిషి గాబరాపడి నీళ్లు తాగుతాడు. సీమ గాలి పొడిగాలి. ఒంట్లో నీళ్లు పోతున్న సంగతే తెలియదు. సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద తెల్లటి ఉప్పు చార కనిపిస్తుంది, అదొక్కటే గుర్తు.

మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే. గోడల్లోంచి ఊరిన తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. అయితే కుండలో నీళ్లు తగ్గితే వెంటనే పోస్తాం, ఒంట్లో తగ్గితే దాహం వేసేదాకా కూర్చుంటాం. దాహమేమో ఆలస్యంగా వేస్తుంది, ముసలివాళ్లకు మరీ ఆలస్యం. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎండన పడి కష్టం చేసుకునేవాళ్లూ, ముసలివాళ్లే ఎక్కువ.

పేపర్లో 44 డిగ్రీలని చదువుతాం. అది నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో కొలిచిన లెక్క. బేతంచెర్ల నాపరాళ్ల గనిలో నిలబడినవాడికి పైన ఎండ, కింద కాలిన రాయి. అట్లాంటి పనిలో గంటకు లీటరు చెమట పోవడం మామూలు. దాంతోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పు లేకుండా ఉట్టి నీళ్లే బిందెలు బిందెలు తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు మొదలవుతాయి. అందుకే ఏం తాగుతున్నామన్నది కూడా చూసుకోవాలి.

ఈ విద్య మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. రాత్రి మిగిలిన సంగటి ముద్దను నీళ్లలో వేసిపెట్టి, పొద్దున్నే మజ్జిగ పోసి, ఉప్పు వేసి చేత్తో పిసికి, ఎర్రగడ్డా పచ్చిమిరపకాయా నంజుకుని తాగి చేనికి పోయేవాళ్లు. నీళ్లు, ఉప్పు, పిండి పదార్థం, రాగుల్లోనూ మజ్జిగలోనూ ఉండే పొటాషియం, అన్నీ ఆ ఒక్క చెంబులోనే. ఎండ ఎక్కకముందే, దాహం వేయకముందే కడుపులో పడేవి. అంబలి కాచినా అంతే, కాకపోతే పలచగా ఉండాలి, ఉప్పు నాలుకకు తెలియాలి. మా ఇంట్లో ఇప్పటికీ ఎండాకాలం కాఫీ కంటే ముందు ఇదే. ఈ అలవాటును పేదవాళ్ల తిండని వదిలేసినవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నన్నారి సంగతి వేరు. నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చే వేళ్లతో కాచిన ఆ పాకం, నిమ్మరసం, సోడా కలిపి కడపలో ఏ బండి దగ్గర తాగినా ప్రాణం లేచొస్తుంది. కానీ అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు ఉండదు. చిటికెడు వేయమని అడిగి తాగండి. నీరసం ముదిరితే ఓఆర్‌ఎస్‌దే మొదటి స్థానం. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, సగం సగం కలపకూడదు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపండి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయొద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఇన్ని చెప్పినా అసలు అడ్డంకి వేరే ఉంది. చెరువు పూడికతీత పనిలో ఉన్న ఒకామెను నీళ్లు ఎందుకు తాగలేదని అడిగితే, "తాగితే యాడికి పోవాల సార్?" అంది. చుట్టూ చెట్టు లేదు, చాటు లేదు. పొలాల్లో, సంతల్లో, బస్సుల్లో ఎందరో ఆడవాళ్లు పొద్దుననుంచి గొంతు ఎండబెట్టుకుంటున్నది ఇందుకే. మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్లు ఊరికే రావు. వాళ్లకు నీళ్లు తాగమని ఎన్ని కరపత్రాలు పంచినా పని జరగదు.

కర్నూలు రాజ్‌విహార్ దగ్గరైనా, కడప ఏడురోడ్ల దగ్గరైనా చలివేంద్రం పెట్టే ప్రతివాళ్లకూ నా మనవి. ప్రారంభం రోజుతో ఆపకుండా జూన్‌లో వానలు పడేదాకా కుండలు నింపండి. మధ్యాహ్నం ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఇవ్వండి. పని చేయించే మేస్త్రీలకూ ఒక మాట: పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగేటట్టు పని ఆపండి. వీటన్నిటికంటే ముందు, నాలుగు కర్రలు పాతి చుట్టూ పట్టా కట్టయినా సరే, ఆడవాళ్లకు ఒక మరుగు ఏర్పాటు చేయండి.