తెప్పకు లేని లోపల

చిన్న ఫైబరు పడవల్లో డెక్కు వెనక అంచున సాధారణంగా రెండు తూములు పెడతారు. వాననీరు, పైకెక్కిన అల, చేపలు కడిగిన నీళ్లు అన్నీ వాటిలోంచి సముద్రంలోకి పోవాలి. పడవ ఖాళీగా ఉన్నంతసేపు పోతాయి కూడా. ఇద్దరు మనుషులు ఇంజను దగ్గరికి వెళ్లి కూర్చోగానే వెనకభాగం దిగుతుంది. నీరు పోవలసిన దారిలోనే సముద్రం పైకి వస్తుంది. పాదాల చుట్టూ నీళ్లు చూసి కొత్తవాడు హడలిపోతాడు. అదే శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో దుంగల తెప్ప మీద ఎదిగినవాడైతే దీన్నొక చిక్కుగానే లెక్కపెట్టడు. వేటకు దిగిన నాటినుంచీ అతని కాళ్లు తడిగానే ఉన్నాయి.

తెప్ప సంగతి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తేలిక కొయ్య దుంగలు నాలుగైదు పక్కపక్కన చేర్చి, ముందుభాగం పైకి లేచేలా చెక్కి, ఒక్కటిగా బిగిస్తారు. తమిళ తీరంలో తాళ్లతో కట్టడం ఎక్కువ కాగా, మన ఉత్తరాన కొయ్యసీలలతో బిగించేవారు. భారతీయ పడవల మీద 1920లో పెద్ద వ్యాసం రాసిన జేమ్స్ హార్నెల్ ఈ తేడాలను ఊరూరా పట్టి చూపాడు. కట్టు ఏదైనా సూత్రం ఒకటే. తెప్పను తేల్చేది కొయ్య. పడవను తేల్చేది దాని డొల్లలో ఉన్న గాలి. తెప్పకు డొల్ల లేదు, అంటే లోపల అనేదే లేదు. మీదికి వచ్చిన కెరటం సందుల్లోంచి దిగిపోతుంది. తోడేవాడు అక్కర్లేదు, మూత అక్కర్లేదు.

ఫైబరు పడవకు మాత్రం లోపల ఉంది, దానికి కాపలా కావాలి. ఆ కాపలాలో మొదటి విషయం ఎత్తు. నిండు బరువుతో ఉన్నప్పుడు కూడా డెక్కు సముద్రమట్టం కంటే కొంచెం పైన ఉండాలి. ఉంటే తూము దానంతటదే పనిచేస్తుంది, లేకపోతే తిరగబడుతుంది. మిగతావన్నీ దీని తరవాతే. తూముకు బయటివైపు రబ్బరు రెక్క తగిలిస్తారు. లోపలి నీరు తోస్తే తెరుచుకుంటుంది, బయటి అల తోస్తే మూసుకుంటుంది. బంతి పెట్టే రకం కూడా ఉంది. నీరు పైకి రాగానే బంతి తేలి కంతకు అడ్డం పడుతుంది. బోరు మోటారు ఉన్న రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు, ఫుట్ వాల్వు చేసే పనే ఇది. ఫుట్ వాల్వులో చిన్న ఆకుముక్క ఇరుక్కుంటే పైపు ఖాళీ అయినట్టే, ఇక్కడ చేప పొలుసో, వలదారపు ముక్కో, ఇసుకరేణువో రెక్క కింద చేరితే మూత మూత కాకుండా పోతుంది. రెక్కను అదిమేందుకు బయట ఉన్న ఒత్తిడి నాలుగైదు సెంటీమీటర్ల నీటిదే. అంత తక్కువ ఒత్తిడికి గట్టి రబ్బరు సరిగ్గా అతుక్కోదు. అందుకే రెక్క ఉన్నా ఎంతో కొంత కారుతుంది. పడవ తయారీదారులు దీన్ని గట్టిగా చెప్పరు.

తూము ఎంత పెద్దదుండాలి అన్నది ఇంకో సంగతి. రెండు చదరపు మీటర్ల డెక్కు మీద పది సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే అది 200 లీటర్లు. ఉప్పునీరు కాబట్టి 205 కిలోల దాకా తూగుతుంది, ముగ్గురు మనుషుల బరువు. పైగా మనుషులు కూర్చున్నచోట కూర్చుంటారు, నీరు కూర్చోదు. పడవ ఏ పక్కకు వాలితే ఆ పక్కకే పరుగెత్తి ఇంకా వాలుస్తుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు తూములోంచి, అయిదు సెంటీమీటర్ల నీటి ఎత్తు ఒత్తిడికి, సెకనుకు ముప్పావు లీటరు పోతుంది. రెండు తూములున్నా ఆ 200 లీటర్లు పోవడానికి రెండు నిమిషాలకు పైనే పడుతుంది, నీటిమట్టం తగ్గేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. విరిగే కెరటాల్లో రెండు నిమిషాలంటే చాలా ఎక్కువ. తూము వెడల్పు రెట్టింపు చేస్తే దారి నాలుగింతలవుతుంది. అలాగే సముద్రం వచ్చే దారి కూడా నాలుగింతలవుతుంది. ఇలాంటి చిన్న పడవల డెక్కు ఎత్తుకూ నీరు పోయే వేగానికీ లెక్కలు కట్టిన ఐఎస్‌ఓ 11812 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. పట్టికలతో నిండిన ఆ పత్రం వెనక ఉన్నది ఈ పీటముడే.

దుంగల తెప్పలో ఈ లెక్కకే చోటు లేదు. సందులన్నీ తూములే. ఒక కెరటం ఎక్కితే ఒకటి రెండు క్షణాల్లో దిగిపోతుంది. ఇంత గొప్ప తూము ఏ కార్ఖానా కూడా చేయలేదు. కానీ ఆ గొప్పకు తగిన ధర ఉంది. తెప్ప మీద పొడిచోటు లేదు. ఐసు పెట్టె పెట్టలేరు, అన్నం మూట ఎక్కడో ఎత్తున వేలాడదీయాలి, రాత్రి పడుకోవడం అసలు కుదరదు. చలిగాలిలో గంటల తరబడి తడికాళ్లతో పనిచేయడం పాటల్లో వినడానికి బాగుంటుంది, పనిచేసేవాడి కీళ్లకు బాగుండదు. తెప్పను మోజుతో పొగిడేవాళ్లు ఈ మాట దాటేస్తారు.

పడమటి వాళ్ల పడవలన్నీ నీటిని బయటపెట్టే పట్టుదలతోనే పుట్టాయనుకుంటే అదీ తప్పే. పైన కూర్చుని నడిపే ప్లాస్టిక్ కయాక్‌ను చూడండి. 1970ల్లో కాలిఫోర్నియాలో మొదలైన రకం అది. దాని పొట్ట నాలుగువైపులా మూసి ఉంటుంది. కూర్చునే గుంటనుంచి అడుగు దాకా గొట్టాల్లాంటి కంతలు పోత పోసి ఉంటాయి. వాటిలోంచి నీరు పైకొచ్చి కూర్చున్నవాడి బట్టలు తడుపుతుంది కానీ పొట్టలోకి పోలేదు. ఇది తెప్పకు దూరపు చుట్టం కాదు, చెల్లెలే. తెప్పవాడు తడిని ఒప్పుకున్నట్టు కయాక్‌వాడు ఒప్పుకోలేదు, కంతలకు రబ్బరు బిరడాలు కొనుక్కున్నాడు. చెరువు లాంటి నీటిలో బిరడాలు సుఖం. కెరటాల్లోకి వెళ్తే వాటిని తీసెయ్యాలి, లేకపోతే గుంట నిండి కయాక్ మొద్దులా తయారవుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఒడ్డున లాక్కెళ్లే బండి ఊచలు ఈ కంతల్లోనే దూరుస్తారు. అలా దూర్చీ దూర్చీ గొట్టం చుట్టూ పగులు వస్తే నీరు నేరుగా పొట్టలోకే చేరుతుంది. బిరడా దాన్నేమీ చేయలేదు.

ఇంకో దారి డెన్మార్కు నావికుడు పాల్ ఎల్‌వ్‌స్ట్రోమ్‌ది. 1948 నుంచి 1960 వరకు వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీల్లో బంగారు పతకాలు గెలిచినవాడు. ఆయన పేరుతో వచ్చిన సాధనం పడవ అడుగున ఉంటుంది. పడవ పరుగెడుతుంటే అక్కడ ఒత్తిడి తగ్గి లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. పడవ ఆగితే మాత్రం అదే దారిలో సముద్రం వస్తుంది, చేత్తో మూసెయ్యాలి. తెప్ప ఆగినా సాగినా ఒకటే. ఎల్‌వ్‌స్ట్రోమ్ సాధనం వేగాన్ని నమ్ముకున్నది, నడిపేవాడి శ్రద్ధను కూడా. తెప్ప ఎవరి శ్రద్ధనూ కోరదు.

మనిషి శ్రద్ధను నమ్ముకున్న పడవకు మన తీరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. కొబ్బరితాడుతో కుట్టిన మసులా పడవ కుట్లలోంచి ఊరుతూనే ఉండేది. ఒకడు తోడుతూనే ఉండేవాడు. తూము పని మనిషి చేశాడు.

తెప్ప దారీ పడవ దారీ ఎక్కడో కలవాలి, కలిశాయి. 1958లో అమెరికాలో వచ్చిన బోస్టన్ వేలర్ పడవ రెండు పొరల మధ్య నురుగు నింపుకొని వచ్చింది. 1961లో దాన్ని రంపంతో అడ్డంగా కోయించి, వెనక సగంలో కూర్చుని ఆ కంపెనీ యజమాని నడుపుకుంటూ వెళ్లిన ఫోటోలు లైఫ్ పత్రికలో పడ్డాయి. కోసినా మునగనిది తెప్పే కదా! కాకపోతే కొయ్యకు బదులు నురుగు. మన వైపు కథ వేరే దారిన సాగి అక్కడికే చేరింది. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం కింద, కెరటాలు దాటి ఒడ్డుకెక్కగల డెక్కు పడవలను తూర్పు తీరంలో పరీక్షించారు. తరవాత వచ్చిన ఫైబరు తెప్ప కూడా పేరుకు తెప్పే కానీ, పైన మూసిన డెక్కు, లోపల థర్మకోల్ లేదా నురుగు ఉన్న పెట్టె. మనుషులు పాత తెప్ప మీద లాగే పైనే కూర్చుంటారు, పైన ఎక్కిన నీరు పైనుంచే పోతుంది.

దీనిమీద ఇంజను పెట్టి, వల, మనుషులు అంతా వెనకే చేరితే మొదటి పేరాలోని చిక్కు మళ్లీ వస్తుంది. దానికి మందు రెక్కల్లో కన్నా బరువుల్లో ఎక్కువ ఉంది. పెట్రోలు డబ్బానూ ఐసు పెట్టెనూ ముందుకు జరిపితే వెనక తూములు పైకి లేస్తాయి. కొనే ముందే నిండు బరువుతో నీళ్లలో దించి, తూము అంచు నీటికి ఎంత ఎత్తున ఉందో కొలిస్తే సగం తెలిసిపోతుంది. రెక్క మంచిదా కాదా అన్నది ఆ తరవాతి మాట.

అయితే దుంగల తెప్పకూ నురుగు పెట్టెకూ ఒకే రోగం ఉంది, నానడం. దుంగ నీరు పీల్చి బరువెక్కుతుంది. నురుగు కూడా పీలుస్తుంది, అదీ చాలాసార్లు తూము రెక్కను బిగించిన స్క్రూల కంతల్లోంచే. నీటిని ఆపడానికి పెట్టిన రెక్కే నీటికి దారి చూపుతుందన్నమాట. బరువెక్కిన పడవ కిందికి దిగుతుంది, డెక్కు దిగుతుంది, తూములు తిరగబడతాయి. ఏ కొత్త రెక్కా దాన్ని సరిచేయదు. దుంగల తెప్పనైతే ఇసుక మీదికి లాగి, కట్టు విప్పదగ్గదైతే విప్పి, ఎండబెడతారు. నురుగు పెట్టెను విప్పలేం. ఎండ దాని పైపొరను కాల్చుతుంది గానీ లోపలి తడి లోపలే ఉంటుంది. అందుకే తూము రెక్క మార్చేటప్పుడు కొత్త రెక్క ధర కన్నా పాత స్క్రూల కంతలను ఎంత గట్టిగా పూడ్చారో చూడాలి.