చిత్రితచర్మకథ: చూపును, ఎఱుకయు

చీనాదేశపుఁ గథావాఙ్మయమున దయ్యములును, మాయనక్కలును, యోగులును మనుష్యులతోఁ గలసి తిరుగు గ్రంథములలో లియావోజాయి జీయి మిక్కిలి ప్రసిద్ధమైనది. దీనిని రచించిన పూ సుంగ్‌లింగు 1640లో షాన్‌డాంగు రాష్ట్రమందలి జీచువానునఁ బుట్టి 1715లో గతించెను. చిన్ననాఁడే మొదటి పరీక్షయందుఁ బ్రథముఁడై నెగ్గినను, రాష్ట్రపరీక్షలోఁ బలుమాఱులు తప్పి, యొక సంపన్నుని యింట బాలురకుఁ జదువు చెప్పుచుఁ జిరకాలము గడపెను. బడిపంతుళ్ళకు నీ వృత్తాంతము క్రొత్తగాఁ దోఁచదు. ఇంచుమించు 500 కథలు గల యీ గ్రంథము వ్రాఁతప్రతులలోనే చేతులు మాఱి, 1766లోఁ గాని యచ్చునకు రాలేదు.

దాఁగినదానిని గాంచుట యనునది యీ గ్రంథమునఁ బలుతావుల వచ్చు విషయము. ఒక కథలో ఫాంగు అను విద్యార్థి పరస్త్రీలను వెంబడించి చూచి, దాసి చల్లిన దుమ్ముచేఁ జూపు గోల్పోవును. ఏఁడాది సూత్రపారాయణము చేసిన పిమ్మట నాతని కన్నులలో నిరువురు చిట్టిమనుష్యులు మాటలాడుకొనుట వినవచ్చును. మనము కంటిపాప యన్నట్లే చీనావారును కనుపాపను కంటిలోని మనిషి యందురు. కథ యంతయు నా పలుకుబడినుండి మొలచినదే. తుదకు వారిద్దఱు నెడమకంటి పొరను జించుకొని యొక్కకంటనే కాపురముండఁగా, ఫాంగు ఒంటికన్నుతో రెండుకన్నులవారికంటె బాగుగఁ జూచును. ఇది సొగసైన వినోదకథ. చిత్రితచర్మకథ యింతకంటె లోఁతైనది.

తైయువాను వాసియగు వాంగు వేకువజామున మూటతో నొంటరిగాఁ బోవు కన్యను గనుఁగొని తన చదువుగదిలో దాఁచెను. పంపివేయుమని భార్య చెప్పినను వినఁడాయెను. అంగడిలోఁ దావోమతస్థుఁడగు యోగి యొకఁడు దుష్టశక్తి నిన్నావరించినదని చెప్పఁగా, వీఁడు పొట్టకూటికై యిట్లు పలుకుచున్నాఁడని తలంచెను. ఇంటికి వచ్చి తలుపు మూసియుండుటచేఁ గూలినగోడ నెక్కి లోపలికి దిగి, కిటికీనుండి తొంగిచూచెను. పచ్చని మొగమును ఱంపపుఁబండ్లును గల పిశాచము మంచముపై మనుష్యుని తోలు పఱచి, కుంచెతో రంగులు దిద్దుచుండెను. పిమ్మట దానిని బట్టవలె విదలించి కప్పుకొనఁగానే కన్య యయ్యెను.

రహస్యము బయలుపడుటయే ప్రధానమని యెంచు రచయిత కథ నిచ్చట ముగించియుండును. పూ సుంగ్‌లింగు ముగింపలేదు. చూచుటచే వాంగునకు మేలు కలుగలేదు. యోగి యిచ్చిన చామరమును దలుపునకు వ్రేలాడఁగట్టినను, పిశాచము దానిని విఱిచి లోనికిఁ జొచ్చి వాంగు గుండెను బెఱికికొని పోయెను. యోగి మఱునాఁడు ముసలిదాసి రూపున దాఁగిన దానిని గుర్తించి కొయ్యకత్తితోఁ గూల్చెను. అయినను జచ్చినవానిని బ్రదికించు శక్తి తనకు లేదని, యంగడిలో బురదలోఁ బొరలు వెఱ్ఱిబిచ్చగాని నాశ్రయింపుమని భార్యతోఁ జెప్పెను. వాఁడామెను బరిహసించి, కఱ్ఱతోఁ గొట్టి, జనము మూఁగి చూచుచుండఁగాఁ దన కఫమును జేతఁబట్టి తినుమనెను. ఆమె సిగ్గుచే మొగ మెఱ్ఱవాఱ మ్రింగెను. ఇంటికేగి భర్త ప్రేగులను లోనికిఁ జేర్చుచు నేడ్వఁగా, గొంతునుండి వెడలి యాతని ఱొమ్ములోఁ బడినది కొట్టుకొనుచున్న గుండె.

ఇచ్చట ముసుఁగులు రెండు. ఒకటి పైకి మనోహరము, లోపల ఘోరము. రెండవది పైకి హేయము, లోపల ప్రాణప్రదము. మొదటిదానిని వాంగు కన్నులార చూచియుఁ జెడెను. రెండవదాని లోపల నేమున్నదో భార్యకుఁ గాని చదువరికిఁ గాని కవి చూపనే లేదు. బిచ్చగాఁడెవఁడో చెప్పఁడు, గుడిలోఁ జొచ్చి మాయమైనాఁడని మాత్రము చెప్పును. కావున నీ కథలో నెఱుక చూపునకు లోఁబడినది కాదు. బీభత్సమును గేవలము జుగుప్సకై గాక యీ భేదమును దెలుపుటకై వాడిన నేర్పు మన యాలంకారికులును మెచ్చఁదగినది.

1880లో హెర్బర్టు జైల్సు 164 కథల నాంగ్లీకరించుచు నీ కఫమును హేయమగు గుళికగా మార్చెను. సభ్యత కాపాడుటకుఁ గాఁబోలు. కాని గుళిక యనఁగా నౌషధము. ఔషధము ఎంత చేఁదైనను మ్రింగువారికి సిగ్గు కలుగదు. పదుగురిలో నామె పొందిన యవమానము పోయినచో రెండవ ముసుఁగే కథనుండి జాఱిపోవును. ఆంగ్లమునుండి తెలుఁగుచేయఁబూనువా రీ తావున మిక్కిలి జాగరూకులై యుండవలెను.

మూలకర్తయు నొకచోఁ బొరపడెనని నాకుఁ దోఁచుచున్నది. కథాంతమందలి వ్యాఖ్యలో నాయన, పరకాంత నాసించినవాని భార్య యితరుల యుమ్మి తినవలసి వచ్చుట న్యాయమే యన్న భావము వెల్లడించెను. తప్పు భర్తది, శిక్ష భార్యకా? ఆమె మొదటినుండియు వలదన్నదే. కథ యామె నెత్తిన స్థానమునుండి వ్యాఖ్య యామెను దింపివైచినది. నేను గథనే నమ్ముదును. తెల్లవాఱి లేచిన వాంగు, కలలో నున్నట్లుండెననియుఁ, గడుపులోఁ గొంచెము నొప్పిగా నున్నదనియు మాత్రము చెప్పెను. తనకై యామె యేమి మ్రింగి వచ్చెనో యాతఁ డెఱిఁగినట్లు కథలో నొక్కమాటయు లేదు.