సాధనం ఖరీదుకు ఆరు రెట్లు

పాత విశాఖపట్నం జిల్లాలో బట్ట నాణ్యం చెప్పాలంటే పుంజాలు చెప్పేవారు. పుంజం అంటే పడుగులో 120 పోగులు. ఒకే పన్నాలో 14 పుంజాలు పడితే 1,680 పోగుల ముతక బట్ట, 40 పడితే 4,800 పోగుల సన్నబట్ట. వేలితో తడిమి తెలుసుకునే నాణ్యాన్ని ఒక్క అంకెలోకి దించిన లెక్క ఇది. ఆ అంకె వినగానే ఎంత నూలు పడుతుందో, అచ్చు ఎంత సన్నంగా ఉండాలో, మగ్గం ఎన్నాళ్ళు ఆడాలో వర్తకుడికి తట్టేస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఈ తీరంలో పుంజం బట్టలు చాలాకాలం కొన్నది. 1833 చార్టర్‌తో వ్యాపారమే మానుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో మగ్గాల మీద పన్ను మాత్రం మానలేదు.

ఈ లెక్కల లోకంలో పెరిగి రాజకీయాల్లోకి వెళ్ళిన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868). మద్రాసులో తండ్రి సిద్ధులు శెట్టితో కలిసి నీలిమందు, రుమాళ్ళ వ్యాపారం చేశాడు. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. కలకత్తాలోని ఒక సంఘానికి శాఖగా మొదలైన ఈ అసోసియేషన్ కొద్ది నెలల్లోనే దాని నుంచి విడిపోయింది. అక్కడివాళ్ళకు జమీందారుల గోడు ముఖ్యం, ఇక్కడ రైతుదీ పనివాడిదీ. అదే ఏడాది చివర సంఘం పార్లమెంటుకు ఒక అర్జీ పంపింది. కంపెనీ చార్టర్ గడువు ముగియబోతోంది, పొడిగించాలా వద్దా అన్న చర్చ లండన్‌లో నడుస్తోంది. సమయం చూసి వేసిన అర్జీ అన్నమాట. 1853 ఫిబ్రవరి 25న లార్డ్ ఎల్లెన్‌బరో దాన్ని ప్రభువుల సభ ముందు పెట్టాడు.

మర్యాద మాటలు అవగానే అర్జీ నేరుగా విషయంలోకి దిగుతుంది. మొదట పన్నుల భారం, వాటి వసూలులో పడే యాతన. తర్వాత కంపెనీ కోర్టులు: చాలవు, తెమలవు, ఖర్చు ఎక్కువ. ఆ పైన కావలసినవి: రోడ్లు, వంతెనలు, సాగునీటి పనులు, చదువు. చివరికి ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని, స్థానిక పాలన తీరు మారాలని కోరిక. ఈ వరసను ఒకసారి కదిపి చూడండి. కోర్టులు ముందుకొస్తే అది వకీళ్ళ ఫిర్యాదు అయిపోతుంది. రోడ్లు ముందుకొస్తే దయ చూపమని అడిగినట్టుంటుంది. పన్ను తర్వాత వచ్చాయి కాబట్టే రోడ్ల ప్రస్తావన నిలదీసినట్టుంది: తీసుకున్న సొమ్ము ఏమైంది?

పనితనం బాగా కనిపించేది మోతర్ఫా గురించిన భాగంలో. మోతర్ఫా వృత్తుల మీద పన్ను. అర్జీ ముందు దాని విస్తీర్ణం చూపుతుంది: నేతగాళ్ళు, వడ్రంగులు, లోహపు పనివాళ్ళందరూ, దుకాణం ఉన్నవాళ్ళు, రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకునేవాళ్ళు. తర్వాత పన్ను దేనిమీద పడుతుందో విడదీస్తుంది: కొందరికి పనిముట్ల మీద, కొందరికి అమ్ముకునే అనుమతి మీద. అక్కణ్ణుంచి కిందికి దిగుతూ అతి చవక పనిముట్టు దగ్గర ఆగుతుంది. దాన్ని వాడుకోవడానికి కట్టే పన్ను తరచుగా దాని ఖరీదుకు ఆరు రెట్లు మించుతోందని చెబుతుంది.

ఇక్కడ పన్నును దేనితో పోల్చారో గమనించాలి. నేతగాడి రాబడితో పోల్చి ఉండవచ్చు. కానీ దానికి ఖాతా ఎక్కడుంది? ఎంతన్నా కాదనేవాళ్ళు ఉంటారు. పనిముట్టు ఖరీదు అలా కాదు, బజారుకెళ్ళి ఎవరైనా అడగవచ్చు. రుజువు అవతలివాడే తెచ్చుకోగల లెక్క అది. ‘తరచుగా’ అన్న మాటకూ అంతే విలువ ఉంది. అది లేకపోతే ఒక్క మినహాయింపు చూపి వాక్యాన్నే కొట్టిపారేయవచ్చు. సరుకు చేతిలోకి తీసుకుని, లోపం ఎక్కడ చూపిస్తారో ముందే ఊహించి సరిచేసుకునే వర్తకుడి జాగ్రత్త ఇందులో ఉంది.

అర్జీ చేరిన అవతలి ఒడ్డున, ఇంగ్లండ్‌లో, జాన్ బ్రైట్ ఉన్నాడు. రోచ్‌డేల్‌లో నూలు మిల్లు యజమాని, పార్లమెంటు సభ్యుడు. అతని ఉత్తరాలు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. లక్ష్మీనరసు శెట్టి పనిని మాత్రం ఇలాంటి బహిరంగ కాగితాల్లోనే చదువుకోవాలి. 1853లో పుట్టిన ఇండియా రిఫార్మ్ సొసైటీలో బ్రైట్ ఒకడు. ల్యాంకషైర్ మిల్లు గుడ్డ మన మగ్గాలను మూలపడేస్తుంటే, ఆ మిల్లుల మనిషే మద్రాసు రైతు పక్షాన మాట్లాడాడు. ఇండియా పత్తి మీద 1848లో వేసిన పార్లమెంటు కమిటీకి అధ్యక్షుడూ అతనే. పత్తి రేవుకు చేరాలంటే రోడ్లు అతనికీ కావాలి. స్వార్థం లేదనలేం గానీ, ఆ స్వార్థం ఇక్కడివాళ్ళకు అక్కరకొచ్చింది.

1853 ఆగస్టులో వచ్చిన చార్టర్ చట్టం అర్జీని పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాదే సొసైటీకి చెందిన డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు శెట్టి అతన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పాడు. వసూలులో యాతన అని అర్జీలో రాసింది ఇప్పుడు మనుషుల నోట వినబడింది. 1854 జూలైలో దీనిమీద కామన్స్ సభలో గొడవ రేగింది. చిత్రహింసల మీద విచారణకు ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో సంఘం వేశారు. 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, మరో 1,440 ఫిర్యాదులు ఉత్తరాలుగా చేరాయి. రెండు చెక్కల నడుమ వేళ్ళు పెట్టి నొక్కే ‘కిట్టి’ ఎలా పనిచేస్తుందో 1855 నివేదికలో ఉంది. అంతకన్నా పెద్ద యంత్రాంగం గుట్టు కూడా అందులో బయటపడింది. శిస్తు వసూలు చేసే తాసీల్దారే పోలీసు అధికారి కూడా. బాకీ అడిగే చెయ్యీ కొట్టే చెయ్యీ ఒక్కటే కాబట్టి, ఫిర్యాదు తిరిగి అతని దగ్గరికే వెళ్ళాలి. ఆ రెండు పనులనూ విడదీసి, మద్రాసుకు విడిగా పోలీసు శాఖను ఏర్పాటు చేసింది 1859 నాటి 24వ చట్టం. లక్ష్మీనరసు శెట్టి 1863లో మద్రాసు శాసనమండలిలో సభ్యుడయ్యాడు.