చాలురా అనేవాళ్లు

ఈ వారం జనగామ నుంచి మంచి కబురొచ్చింది. మా అక్క మనవడు, డిగ్రీ రెండో ఏడాది, ఫోన్లో గేమ్స్ అన్నీ తీసిపారేశాడట. "ఇగ బంద్ తాతా. ఫొటో ఎడిటింగ్ నేర్సుకుంటున్న" అన్నాడు. ఫోన్ ఆటలంటే నాకెంత కడుపుమంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు వేరే చెప్పాలా? 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు ఇక్కడే చంకలు గుద్దుకున్నాను. మరుసటేడు అది పేరు మార్చుకుని మళ్లీ దిగితే ఇక్కడే శాపనార్థాలు పెట్టాను.

నిజానికి వీడిది తుపాకుల ఆట కాదు. నలుగురూ చేరి ఆడే పార్టీ గేమ్స్: లూడో, అమాంగ్ అస్. ఈ రెండోది 2018లోనే వచ్చినా లాక్‌డౌన్లో గానీ జనానికి అంటుకోలేదు. అంతరిక్ష నౌకలో కొందరుంటారు, వాళ్లలో ఒకడు దొంగ. ఎవడు అబద్ధమాడుతున్నాడో మాటల్లో పట్టుకుని, ఓట్లేసి బయటికి తోసేయాలి. మావాడికి జట్టు ఒక మానుకోట పిల్లాడు, ఒక భూపాలపల్లి పిల్లాడు. ముగ్గురూ హన్మకొండ హాస్టల్లో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టకముందు మూడూళ్లూ వరంగల్ జిల్లావే. ఇప్పుడు మూడూ జిల్లా కేంద్రాలు, ముగ్గురివీ మూడు కాలేజీలు. రోజూ రాత్రి ఆటే వాళ్ల గది.

మావాడు పాత లాప్‌టాప్‌లో గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాడు. ఫొటోషాప్‌కు నెలనెలా అద్దె కట్టాలి, దీనికి పైసా అక్కర్లేదు. 1995లో బర్క్‌లీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు క్లాసుకిచ్చిన కంపైలర్ ప్రాజెక్టుతో విసిగిపోయి మొదలుపెట్టింది ఇది. ఫొటోషాప్ కథా ఇంతే. 1987లో థామస్ నోల్ పీహెచ్‌డీ పని పక్కన పెట్టి, తెర మీద బొమ్మలు చూపించే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. సినిమా గ్రాఫిక్స్‌లో పనిచేసే తమ్ముడు జాన్ చూసి వెంటపడ్డాడు. 1990 ఫిబ్రవరిలో అది ఫొటోషాపై బయటికొచ్చింది. చదువు ఎగ్గొట్టడం అన్నివేళలా చెడ్డది కాదు, అయితే ఈ మాట మావాడికి చెప్పలేదు.

వాడికి నేనిచ్చిన మొదటి పని మా అమ్మ ఫొటో. స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో, చెమ్మ తగిలి ఒకపక్క తెల్లబారింది, మధ్యలో మడత పడి చిరిగింది. మూడో రోజు పంపాడు. క్లోన్ టూల్‌తో, కంట్రోల్ నొక్కి మంచి చోటు నుంచి కొంగు నేత తీసుకొచ్చి చిరుగులో పోశాడు. అతుకెక్కడో నాకు దొరకలేదు. మురిసిపోయాను. తర్వాత ముఖం చూశాను. గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కలు లేవు. మరకలనుకుని హీల్ టూల్‌తో తుడిచేశాడు. చెంపలు ప్లాస్టిక్ బొమ్మకున్నట్టున్నాయి. ఫ్లెక్సీల మీద నా పాత గోల మీకు తెలుసు: అరవై దాటిన నాయకుడికి ముప్పై ఏళ్ల చర్మం. ఇప్పుడు మా అమ్మనూ ఫ్లెక్సీ ఎక్కించారన్నమాట.

ఈ టచప్ పని నేను దగ్గరగా చూసిందే. నా కుర్రతనంలో సాయంత్రాలు హన్మకొండ చౌరస్తాలో ఒక స్టూడియోలో గడిచేవి. అక్కడ టచప్ చేసే పెద్దమనిషి కిటికీ పక్కన వాలుబల్ల ముందు కూర్చునేవాడు. కింద అద్దం పెడితే కిటికీ వెలుగు నెగిటివ్ గుండా పైకొచ్చేది. ముందు నెగిటివ్ మీద మీడియం పూసి ఆరనిచ్చేవాడు, లేకుంటే పెన్సిల్ పట్టదు. గట్టి ములుకు పెన్సిల్‌ను ఉప్పుకాగితం మీద సూదిలా అరగదీసేవాడు. ప్రింటులో నల్లగా పడే ముడత నెగిటివ్‌లో తేటగా ఉంటుంది. ఆ తేట చోట సన్నటి చుక్కలు నింపితే ప్రింటులో ముడత తేలికపడుతుంది. ఎక్కువ నింపితే తెల్ల మచ్చే. నల్లగా చేయాలంటే బ్లేడుతో గీకాలి, గీకింది మళ్లీ రాదు. అందుకని ఆయన మధ్యమధ్యలో ఆగి నెగిటివ్‌ను యజమానికి చూపేవాడు, పక్క కొట్టు దర్జీని కేకేసేవాడు, చివరికి చాయ్ తెచ్చిన పిల్లాడినీ అడిగేవాడు. ఎవరో ఒకరు "సాలు, ఇగ ముట్టకు" అనేవాళ్లు. ఆయన ముట్టేవాడు కాదు.

మావాడికి చెడిపోతుందన్న భయం లేదు. ఫొటోషాప్‌లో సైతం 1998 దాకా ఒక్క అడుగే వెనక్కి వెళ్లగలిగేవాళ్లు. ఇప్పుడు చాలా అడుగులు వెళ్లొచ్చు, కాబట్టి చెయ్యి ఆగదు. సరే, అది సాఫ్ట్‌వేర్ సంగతి. నన్ను ఆలోచనలో పడేసింది వేరు. "దోస్తులకు చూపించినవారా?" అని అడిగాను.

"లేదు తాతా. గేమ్ తీసేసినంక మాట్లాడుతలేం."

రోజూ రాత్రి గంటసేపు అబద్ధం పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న పిల్లలు వాళ్లు. పాత ఫొటో పక్కన ఆ ముఖాన్ని వాళ్ల ముందు పెడితే నిమిషంలో ఓట్లేసి బయటికి తోసేవాళ్లు. "అరె, అవ్వ గడ్డం మీది సుక్కలేవిరా?" అని భూపాలపల్లివాడైనా అడిగేవాడు. మావాడు వదిలేసింది ఆట ఒక్కటే అనుకుని నేను సంబరపడ్డాను. ఆటతోపాటు ఆ గదీ పోయింది.

అందుకే ఈ కాలమ్‌లో ఇన్నేళ్లుగా రాసినదానికి విరుద్ధంగా రాస్తున్నాను: ఒరే, ఆ గేమ్ మళ్లీ ఎక్కించుకో. గింప్ మాత్రం మానకు. వాళ్లిద్దరూ చూసి సరే అన్నాకే ఫొటో నాకు పంపు.

పాత ఫొటోలు పిల్లల చేతికిచ్చేవాళ్లకూ ఒక మాట. ముందు స్కాన్ చేయించి అసలు కాపీ వేరే దాచండి. తర్వాత ఆ మనిషిని ఎరిగినవాళ్లు ఒకరు పక్కన కూర్చోండి. ఏది మరకో ఏది పచ్చబొట్టో మీరు చెప్పకుంటే వాళ్లకు తెలియదు.