మేనమామ ఇంటి దారి

ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా దొరికిన పిల్లవాణ్ని ఇల్లు చేర్చారన్న వార్తతోపాటు పత్రికలో ఒక ఫొటో వస్తుంది. బిడ్డను హత్తుకున్న తల్లి, పక్కన అధికారులు. ఆ ఫొటోకు ముందు జరిగిన పనిని ఎవరూ అచ్చు వెయ్యరు. అసలు నేర్పంతా అందులోనే ఉంది.

మంచిర్యాల జిల్లా కాసిపేటనే తీసుకుందాం. ఏడేళ్ల పిల్లవాడు ఏ విజయవాడలోనో రైలు దిగి తనది కాసిపేట అన్నాడనుకోండి. వినేవాళ్లకు ముందు తట్టేది కాజీపేట జంక్షన్. అలాగే రాసుకుంటే మంచిర్యాల జిల్లా బిడ్డ హనుమకొండ జిల్లాలో తేలుతాడు. పని తెలిసిన కార్యకర్త చిరునామా కోసం పట్టుబట్టరు. "మీ ఊళ్లె రైలు ఆగుతదా? బాయి ఉన్నదా? మీ నాయిన ఏ షిఫ్టుకు పోతడు?" అని అడుగుతారు. బాయి, అంటే బొగ్గు గని, అనగానే పిల్లవాడు మాట అందుకున్నాడంటే సింగరేణి ప్రాంతం దొరికినట్టే. కాసిపేట గనులు మందమర్రి ఏరియా కిందివి. దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ కూడా ఈ మండలంలోదే. పొగగొట్టం ఇంటికి ఏ వైపు కనబడుతుందో చెప్పగలిగితే వెతకాల్సిన ఊళ్లు నాలుగైదుకు తగ్గుతాయి. భాష కూడా ఒక ఆచూకీయే. ఈ చుట్టుపక్కల గోండు, కొలాం గూడేలున్నాయి. భయపడ్డ పిల్లవాడు తెలుగులో మూగబోయి గోండిలో మాట్లాడొచ్చు. గోండుల్లో ఇంటిపేరును బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లలో ఎవరో తెలుస్తుంది. ఒకే సంఖ్య వాళ్లు అన్నదమ్ముల వరస. తల్లిదండ్రులు లేకపోయినా బాబాయిలు, పెదనాన్నలు ఎటువైపు ఉంటారో పెద్దమనుషులు చెప్పగలరు. దరఖాస్తు ఫారాల్లో ఈ తెలివికి గడి ఉండదు.

యంత్రాల సాయం చిన్నదేమీ కాదు. తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన 'దర్పణ్' ముఖాలను పోల్చి చూస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఒక అబ్బాయి అస్సాంలోని గోల్‌పారా బాలల కేంద్రంలో ఉన్నాడని 2020లో దాని ద్వారానే తెలిసింది. అయితే యంత్రం ముఖాన్ని కలుపుతుంది గానీ, ఆ ఇల్లు బిడ్డకు తగినదా అన్నది మనిషే వెళ్లి చూడాలి.

అందుకే సామాజిక విచారణ నివేదికను నేను చేతిపనిగా చూస్తాను. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం దొరికిన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి. ఆ నివేదిక నమూనాలో తండ్రికీ తల్లికీ, తండ్రికీ బిడ్డకూ సంబంధాలు ఎలా ఉన్నాయో అడిగే వరసలున్నాయి. వాటిలోనే బిడ్డకూ బంధువులకూ సంబంధం ఎలాంటిదని అడిగే వరస ఒకటుంది. బాగోలేదు, బాగుంది, తెలియదు అని టిక్కు పెట్టి వదిలేసేవాళ్లు వదిలేస్తారు. పనిమంతులు ఆ ఒక్క వరస కోసం అమ్మమ్మ ఇంటికి వెళ్లి కూర్చుంటారు. వంట ఎవరు చేస్తారు, మేనమామ తాగుతాడా, అత్త మాటతీరు ఎలాంటిది, బిడ్డ ఏ మూల పడుకుంటాడు అని చూస్తారు. పక్కింటివాళ్లను, అంగన్‌వాడీ టీచరును విడిగా అడుగుతారు. బంధువు చెప్పే పోలికల్ని పిల్లవాడు చెప్పినవాటితో సరిచూస్తారు. పిల్లవాడు వెళ్లనంటే ఎందుకో వింటారు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన బిడ్డను తిరిగి అదే దెబ్బల చేతికి అప్పగించడం పునరేకీకరణ కాదు, మరో తప్పిపోవడానికి తలుపు తీయడం.

ఈ పనిని ఒక విద్యగా మలిచినవాళ్లు మన పొరుగునే ఉన్నారు. రాయచూరులో 1992లో ప్రమోద్ కులకర్ణి మొదలుపెట్టిన 'సాథీ' రైల్వే స్టేషన్లలో పిల్లల కోసం పనిచేస్తుంది. ప్లాట్‌ఫారం అలవాటైపోకముందే కొత్తగా దిగిన బిడ్డను పలకరించడం దాని పద్ధతి. స్టేషన్లలో చాలాకాలం బతికినవాళ్లకు వారాల తరబడి శిబిరం నడుపుతుంది. ఆటపాటల మధ్య ఇంటి మీదికి మనసు మళ్లాక, తల్లిదండ్రుల్ని అక్కడికే పిలుస్తుంది. తొందరపెట్టకుండా తొందరగా పనిచేయడం ఎంత కష్టమో ఇలాంటి పని చేసినవాళ్లకే తెలుసు.

అప్పగించాక కూడా పని ఉంది. పేద మేనమామకు ఇంకో కంచం పెట్టడం భారమే. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో, బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆ కాగితాలు కదిలేదాకా వెంటపడే కార్యకర్త, బడిలో పేరు రాయించి, మూడు నెలలకు మళ్లీ వచ్చి తలుపు తట్టే కార్యకర్త ఫొటోలో కనబడరు. ఇంట్లో బిడ్డ నిలబడేది మాత్రం వాళ్ల వల్లే.

రైల్వే రక్షక దళం 2018 నుంచి 2024 మే దాకా దేశమంతటా 84,119 మంది పిల్లల్ని కాపాడింది. మన స్టేషన్లలోనూ ఏ రోజైనా ఒక బిడ్డ ఒంటరిగా నిలబడొచ్చు. మంచిర్యాలలో, బెల్లంపల్లిలో, రామగుండంలో అలాంటి బిడ్డ కనబడితే ఇంటికి తీసుకెళ్లకండి, ఫొటో తీసి పంచకండి. పక్కన కూర్చుని నీళ్లివ్వండి. 1098కి గానీ రైల్వే 139కి గానీ ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉండండి.