పేరు వేరు, దారి వేరు

కోడ్ రివ్యూలో డౌన్‌లోడ్ ఫంక్షన్ కనబడితే నేను కాస్త నిదానిస్తాను. చూస్తే మూడు లైన్లే. బ్రౌజర్ పంపిన పేరు తీసుకుని, ‘అప్‌లోడ్స్’ ఫోల్డర్ పక్కన అతికించి, ఆ ఫైలు తెరిచి పంపడమే. టెస్టింగ్‌లో భేషుగ్గా నడుస్తుంది, టెస్టర్ బుద్ధిగా ‘రసీదు’ అనే అడుగుతాడు కాబట్టి. పేరుకు ముందు ‘../’ తగిలించి అడిగేవాడూ వస్తాడు. ఆ రెండు చుక్కలకు పై ఫోల్డర్‌లోకి పొమ్మని అర్థం. అవే నాలుగైదుసార్లు రాస్తే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు దాకా వెళ్లొచ్చు.

‘ఆ చుక్కలు తీసేస్తే సరి’ అంటారు కుర్రాళ్లు. ‘....//’లోంచి ‘../’ తీసేసి చూడండి, మిగిలేదీ ‘../’యే! పైగా చుక్కను శాతం గుర్తుతో కోడ్‌గా మార్చి పంపినా సర్వర్ దాన్ని చుక్కగానే చదువుకుంటుంది. 2021లో అపాచీ వెబ్ సర్వర్ 2.4.49 వెర్షన్ దొరికిపోయింది ఇక్కడే. హడావిడిగా 2.4.50 తెచ్చారు. అదే చుక్కను రెండుసార్లు కోడ్ చేసి పంపితే అదీ లొంగిపోయింది. మూడు రోజుల్లోనే 2.4.51 రావాల్సి వచ్చింది. అంతటివాళ్లకే తప్పలేదు, మన మూడు లైన్లు ఏ మూలకు?

అందుకే వడపోతల మీద నాకు నమ్మకం లేదు. యూజర్ ఇచ్చిన పేరు డిస్క్ దాకా పోనే కూడదు. డిస్క్ మీద ఫైలుకు మనం పుట్టించిన ఐడీయే పేరు. అసలు పేరు డేటాబేస్‌లో పడి ఉంటుంది.

తెలుగు పేర్లకైతే ఇది మరీ మేలు. ‘లక్ష్మి’ చూడ్డానికి రెండక్షరాలే అయినా, ఒత్తులూ గుడులూ కలిసి యూటీఎఫ్-8లో 21 బైట్లు. లైనక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్-4 ఫైల్‌సిస్టమ్‌లో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. ‘కుటుంబ ఆదాయ ధ్రువీకరణ పత్రం’ లాంటి పేరుకు ఊరూ తేదీ చేర్చుకుంటూ పోతే ఆ హద్దు దగ్గరపడుతుంది. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు మాత్రం అసలు పేరు హెడర్‌లో పంపాలి. అక్కడ ‘ఫైల్‌నేమ్’ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి యూటీఎఫ్-8 అని చెప్పకపోతే అక్షరాలు చెడిపోయి పిచ్చిగీతల్లా కనిపించొచ్చు.

ఐడీ పెట్టాం కదా అని చేతులు దులుపుకుంటే ఇంకో తంటా. లింకులో 4512ను 4513గా మార్చి పక్కవాడి రసీదు దించుకుంటారు. ఫైలు ఎవరిదో కూడా డేటాబేస్‌లో దాన్ని వెతికే క్వెరీలోనే చూడాలి. తనది కాని ఫైలు అడిగితే నేను 403 (అనుమతి లేదు) ఇవ్వను, 404 (దొరకలేదు) ఇస్తాను. ఆ నంబరు మీద ఫైలు ఉందన్న కబురు మాత్రం పరాయివాడికెందుకు?