బెర్లిన్ గడియారం, గుంటూరు బాండు

గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాకే కంప్యూటర్ ప్రోగ్రాములు పెట్టే మాలాంటివాళ్లకు సీజను మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ కోల్డ్ స్టోరేజీ గుమాస్తా దగ్గరికెళ్లి కొత్త ప్రోగ్రాం పెడదామన్నా తిట్లు తప్పవు. పల్నాడు నుంచి, ప్రకాశం వైపు నుంచి వచ్చిన లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి. హమాలీలు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, దించుతూనే ఉంటారు. ఆ హడావుడి తగ్గాకే ఆఫీసులో కుర్చీ ఖాళీ అవుతుంది, చెప్పేది వినే ఓపికా వస్తుంది.

గుంటూరులో కోల్డ్ స్టోరేజీని ‘ఏసీ’ అనే అంటారు. అక్కడ లెక్క పైకి కనిపించినంత సులువు కాదు. ఏ ఊరి రైతు, ఎన్ని టిక్కీలు, రకం తేజానా, బాడిగా, తాలా, ఏ ఛాంబర్లో సర్దారు అన్నదంతా ఒక లాటు నంబరు కింద ఉండాలి. సరుకు పెట్టిన రైతుకు బాండు ఇవ్వాలి. ఆ కాగితం చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకునేవాళ్లుంటారు కాబట్టి అందులో ఒక్క అంకె తేడా వచ్చినా ఊరుకోరు. పైగా ఈ లెక్క గేటులో, కాటా దగ్గర, ఆఫీసులో ఒకేలా కనిపించాలి. అందుకే వెబ్ అప్లికేషన్. ఆఫీసులో ఒక్క కంప్యూటర్లో పెడితే చాలు, మిగతా చోట్ల బ్రౌజర్ ఉంటే సరిపోతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు.

“ఇంటర్నెట్ లేకుండా వెబ్బేంటి బాబూ?” అని ఒక పెద్దాయన అడిగారు. నలభై ఏళ్లుగా చేత్తో రిజిస్టర్లు రాసిన గుమాస్తా. నిజమే, ఆ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ జవాబిస్తుంది. ఆ సర్వర్ ముంబైలో ఉందా, పక్కగదిలో ఉందా అన్నది బ్రౌజర్‌కు పట్టదు. 2016 ఏప్రిల్ 14న మొదలై గుంటూరు యార్డు దాకా వచ్చిన ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో సరుకు ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకూ కనిపించాలి కాబట్టి దానికి ఇంటర్నెట్ కావాలి. మన కాటాకూ మన ఆఫీసుకూ మధ్య ఒక కేబులు చాలు.

పెట్టడం ఎంతసేపు? ఎగ్జాంప్ అనే ఉచిత ప్యాకేజీలో అపాచీ అనే వెబ్ సర్వర్, మరియాడీబీ అనే డేటాబేస్, పీహెచ్‌పీ ఒకే మూటగా వస్తాయి. అప్లికేషన్ ఫైళ్లను హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో వేసి, డేటాబేస్ సృష్టించి, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ అని కొడితే పేజీ తెరుచుకుంటుంది. యజమాని ముఖం వెలిగిపోతుంది. “అయిపోయిందిగా?” అంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఆఫీసులో తెరుచుకున్న పేజీ కాటా దగ్గర తెరుచుకోదు. విండోస్ ఫైర్‌వాల్ 80వ పోర్టును మూసేసి ఉంటుంది. అది తెరిస్తే సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చాక మళ్లీ ఏదీ కనిపించదు. రౌటర్ సర్వర్‌కు కొత్త అడ్రసు ఇచ్చి ఉంటుంది. ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే అడ్రసు ఇవ్వాలని రౌటర్లో రాసిపెట్టాలి.

నాకు బాగా నచ్చిన చిక్కు ఇంకోటుంది. ఎగ్జాంప్‌తో వచ్చే పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్లో టైమ్‌జోన్ ‘యూరప్/బెర్లిన్’ అని ఉంటుంది. మన చలికాలంలో బెర్లిన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. పగలు ఎవరూ గమనించరు. అర్ధరాత్రి దాటి రెండింటికి దిగిన లోడు మాత్రం నిన్నటి తేదీలో పడుతుంది. గేటు పుస్తకంలో ఒక తేదీ, బాండు మీద ఒక తేదీ! ఆ ఒక్క లైను ‘ఏషియా/కోల్‌కతా’గా మార్చి అపాచీని ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. కానీ అక్కడ చూడాలని తెలియాలి.

తెలుగుదీ అదే కథ. బాండు మీద పేరు రైతు చదువుకోగలగాలి కాబట్టి తెలుగులోనే ఎక్కించమంటాను. మరియాడీబీకి మూలమైన మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0 వెర్షను వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ డేటాబేస్ లాటిన్ అక్షరాల పట్టికనే ఎంచుకునేది. అలాంటి పాత టేబుల్‌లో ‘తేజ’ అని రాస్తే మూడు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ‘బాడిగ’కు ఐదు, గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. ఒకసారి అలా మారి కూర్చున్న పేరును వెనక్కి తెచ్చే మంత్రం లేదు. అందుకే మొదటి లాటు ఎక్కించకముందే యూటీఎఫ్8ఎంబీ4 అనే పట్టిక పెట్టి, నాలుగు పేర్లు రాసి, తిరిగి చదివి చూడాలి.

బ్యాకప్ దగ్గరా అంతే. రోజూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ వెళుతోందంటే నేను నమ్మను. ఆ కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి, చివరి లాటు నంబరూ మొత్తం టిక్కీలూ రిజిస్టరుతో సరిపోయాయో లేదో చూడాలి. ముద్ర పడిన రాళ్లు పెట్టి చూడకుండా కొత్త కాటాను ఎవరైనా నమ్ముతారా?

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులే. కష్టమైంది తర్వాతిది. ఎగ్జాంప్‌లో డేటాబేస్ రూట్ ఖాతాకు పాస్‌వర్డే ఉండదు. దాన్ని తయారుచేసినవాళ్లే ఇది ప్రోగ్రాములు రాసుకోవడానికని చెప్పారు. రోజువారీ వాడకానికి పాస్‌వర్డు పెట్టాలి, కంప్యూటర్ వెలగ్గానే సర్వర్ దానంతటదే లేచేలా సర్వీసుగా మార్చాలి. ఆ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండాలి? మా వృత్తిలో చాలామంది తమ దగ్గరే ఉంచుకుంటారు. ఏడాదికి నాలుగు ఫోన్లొస్తాయి, నాలుగు బిల్లులొస్తాయి. బతుకుతెరువు సంగతి నాకూ తెలుసు. కానీ పాత రిజిస్టరును ఏ గుమాస్తా అయినా తెరిచి చదవగలిగేవాడు. కంప్యూటర్లో ఎక్కించిన పాపానికి ఆ హక్కు పోకూడదు.

అందుకే చివరి రోజు నేను కీబోర్డు ముట్టుకోను. ఆ పెద్దాయనే సర్వర్ ఆపి, లేపి, బ్యాకప్ తీసి, తిరిగి ఎక్కించారు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆయన మాటల్లోనే నోటుబుక్కులో రాసుకున్నారు. నేను చెప్పిన దానికంటే అదే తేలిగ్గా అర్థమవుతుంది. పాస్‌వర్డు కవరు యజమాని బీరువాలోకి వెళ్లింది.

ఈ సెలవుల్లో మీరూ పెట్టించుకుంటుంటే డబ్బులిచ్చే ముందు ఒక్క మాట అడగండి: “నువ్వు ఊళ్లో లేనప్పుడు ఇది ఆగిపోతే ఎవరు లేపుతారు?” జవాబుగా తన ఫోన్ నంబరే చెప్తే, పని ఇంకా పూర్తి కానట్టే. బిల్లులో సగం ఆపండి.